తుడిచి వ్రాసిన లెక్క

మార్కాపురము పేరు విన్నంతనే తెలుగువారికి మొదట స్ఫురించునది పలక. నల్లమల కొండలకు తూర్పున, మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో నేలక్రింద పలకరాయి పొరలు పొరలుగా పరచుకొని యున్నది. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ రాతికి కంభము పేరే పెట్టెను. ఆ రాతిని పలుచగా చీల్చి, నునుపుచేసి, చెక్కచట్రమున బిగించి దూరదేశములకు పంపిరి. తరతరముల పిల్లలు దానిపైననే ఓనమాలు దిద్దిరి, ఎక్కములు వ్రాసిరి. కాగితపు పుస్తకములు చౌకయైన పిమ్మట బడిపలక వాడుక తగ్గినది గాని, పలకకున్న గుణము మాత్రము మరపురానిది. కాగితముపై తప్పు వ్రాసినచో కొట్టివేత మిగులును. పలకపైననో, తప్పును తుడిచివేసి మునుపటికంటె మేలైనదానిని ఆ చోటనే వ్రాసికొనవచ్చును.

గణితశాస్త్రములోని ఒక గొప్ప విధానము సరిగా ఈ గుణముపైననే ఆధారపడినది. వందలు, వేలు, లక్షలకొలది తెలియని రాశులున్న సమీకరణములను సాధింపవలసి వచ్చినపుడు, ముందుగా ఏదో యొక సంఖ్యను ఊహించి వ్రాసికొందురు. దానిని తుడిచి కొంత మేలైనదానిని వ్రాయుదురు. మరల తుడిచి మరల వ్రాయుదురు. ఇక తుడువవలసినదేమియు లేదనిపించినపుడు ఆగుదురు. దీనికి పునరావృత్తి పద్ధతి యని పేరు. నేడు వాతావరణ సూచనలలో, ఆనకట్టల బలపరీక్షలలో, భూగర్భజలముల అంచనాలలో ఈ పద్ధతి విశేషముగా ఉపయోగపడుచున్నది. ఇది యెట్లు పుట్టినది, ఎంతవరకు నమ్మదగినది, ఎచ్చట నమ్మరానిది అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింతము.

మరల మరల లెక్కించుట మన దేశమునకు క్రొత్త గాదు. మన జ్యోతిశ్శాస్త్ర గ్రంథములలో 'అసకృత్' అను మాట కలదు. ఒక్కసారితో విడువక అనేక పర్యాయములు అని దాని యర్థము. సూర్యగ్రహణ గణితమునే చూడుడు. మనము భూమధ్యమునుండి గాక భూమిపైనుండి చూచుచున్నాము గనుక చంద్రుడు కొంత ప్రక్కకు జరిగినట్లు కనబడును. దీనివలన గ్రహణకాలమున కలుగు భేదమును లంబనమందురు. అయితే లంబనము తెలిసినగాని సరియైన కాలము తెలియదు, కాలము తెలిసినగాని లంబనము తెలియదు. అందుచేత సిద్ధాంతులు ముందొక కాలమును గ్రహించి లంబనమును గణింతురు. దానితో కాలమును దిద్దుదురు. దిద్దిన కాలముతో లంబనమును మరల గణింతురు. ఇట్లు చేయగా చేయగా సంఖ్య కదలక నిలుచును. అప్పుడు లెక్క ముగిసినట్లు.

ఇట్టి దేశీయ గణితమును శ్రద్ధతో చూచిన విదేశీయులలో జాన్ వారెన్ ఒకడు. అతడు 1825లో మద్రాసున 'కాలసంకలిత' మను గ్రంథమును వెలువరించెను. పుదుచ్చేరిలో ఒక పంచాంగకర్త కాగితము, కలము లేకయే, నేలపై గవ్వలు పేర్చుచు, తీయుచు చంద్రగ్రహణమును గణించిన విధమును అతడు వివరించెను. గవ్వలును పలకవంటివే; పేర్చినదానిని తీసి మరల పేర్చవచ్చును. ఈ వారెన్ అంతకుముందు దక్షిణదేశపు భూమి కొలతలలో విలియం లాంబ్టన్ అను సేనానికి సహాయకుడుగా నుండినవాడు. మన కథలోని ముఖ్యఘట్టము ఆ భూమి కొలతలతోనే ఆరంభమగుచున్నది.

సిద్ధాంతుల లెక్కలో తెలియని రాశి ఒక్కటే. భూమి కొలతలో అట్లుగాదు. 1800లో నైజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీ వశము చేసెను. కంభము, మార్కాపురము సీమలు అందులోనివే. క్రొత్తగా చేజిక్కిన దేశమును సరిగా కొలుచుట కంపెనీకి అవసరమయ్యెను. లాంబ్టన్ 1802లో మద్రాసు చెంత, సెయింట్ థామస్ మౌంటు కడ, నేలపై ఒక సరళరేఖను ఉక్కుగొలుసుతో అతిజాగ్రత్తగా కొలిచెను. దీనికి ఆధారరేఖ యని పేరు. దాని రెండు చివరలనుండి దూరమున నున్న ఒక కొండగుర్తును చూచి కోణములు కొలిచినచో, గొలుసు వేయకయే ఆ కొండ దూరము త్రికోణమితిచే తెలియును. క్రొత్తగా తెలిసిన భుజముపై మరియొక త్రిభుజము, దానిపై ఇంకొకటి, ఇట్లు కొండనుండి కొండకు త్రిభుజముల వల సాగిపోవును. ఆ వల కన్యాకుమారినుండి ఉత్తరముగా డెబ్బదియెనిమిదవ రేఖాంశము వెంబడి సాగినది. గిద్దలూరుకు పడమటనున్న గుత్తిలో 1811లోను, బీదరులో 1815లోను లాంబ్టన్ మరల ఆధారరేఖలను కొలిచెను. ఇన్ని త్రిభుజముల లెక్క సరిగానున్నదా యని పరీక్షించుటకే ఆ మధ్యమధ్య కొలతలు.

చిక్కు ఇచ్చటనే పుట్టుచున్నది. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము నూటయెనుబది డిగ్రీలు కావలెను. భూమి గుండ్రన గనుక పెద్ద త్రిభుజములలో దానికి లెక్కకు తెలిసిన స్వల్పపు అధికము చేరును. కాని ఎంత మంచి పనిముట్టుతో కొలిచినను మొత్తము సరిగా రాదు. ఒకచో ఒక సెకను ఎక్కువ, మరియొకచో రెండు సెకనులు తక్కువ. ఆ తేడాను మూడు కోణములకును పంచవలెను. అయితే ప్రతి భుజమును ఇరుగుపొరుగు త్రిభుజములకు ఉమ్మడి. ఒక చోట దిద్దినచో పొరుగుదాని కొలత మారును. దానిని దిద్దినచో ఆ పైది మారును. ఉమ్మడి గట్టున్న మళ్లలో ఒక రైతు గట్టు జరిపినచో వరుసగా అందరి కొలతలును మారిపోవునట్లు. కావున అన్ని కోణముల సవరణలను ఒక్కసారిగా కనుగొనవలెను. ఎన్ని సవరణలో అన్ని తెలియని రాశులు. ఎన్ని నియమములో అన్ని సమీకరణములు.

సవరణలను ఎట్లు పంచుట న్యాయమను ప్రశ్నకు సమాధానము ఐరోపాలో దొరకినది. సవరణల వర్గముల మొత్తము అత్యల్పముగా నుండునట్లు పంచవలెనని లెజాండ్ర్ 1805లో ప్రకటించెను. గౌస్ 1809లో దానికి సంభావ్యతా సిద్ధాంతపు ఆధారము చూపెను. దీనిని కనిష్ఠవర్గ పద్ధతి యందురు. న్యాయము తేలినది గాని శ్రమ తీరలేదు. దాని ననుసరించి వచ్చిన సమీకరణములను సాధించుటకు అందరును ఎరిగిన మార్గము తొలగింపు. మొదటి సమీకరణమునుండి ఒక రాశిని విడదీసి తక్కినవానిలో ప్రతిక్షేపించుట, మిగిలినవానిలో మరియొక దానిని విడదీయుట. పాఠశాలలో రెండు సమీకరణములకు మనము చేసినది ఇదియే. రాశుల సంఖ్య పెరిగినకొలది ఈ శ్రమ దాని ఘనమునుబట్టి పెరుగును. ముప్పది రాశులకు సుమారు 9,000 గుణకారములు కావలసియుండగా, మూడువందల రాశులకు సుమారు 90 లక్షలు కావలెను. రాశులు పదిరెట్లు, శ్రమ వేయిరెట్లు.

లాంబ్టన్ 1823 జనవరి 20వ తేదీన హింగన్‌ఘాటు వద్ద, పనిలో నుండగనే మరణించెను. అదే సంవత్సరము డిసెంబరు 26వ తేదీన, జర్మనీలో హానోవరు దేశమును స్వయముగా కొలుచుచుండిన గౌస్, తన పూర్వశిష్యుడును భూమి కొలతలలో నున్నవాడును అగు గెర్లింగునకు ఒక లేఖ వ్రాసెను. అందు తొలగింపునకు బదులుగా క్రొత్త మార్గమొకటి చూపెను. అన్ని రాశులకును ముందుగా ఏవో విలువలు పెట్టుకొనుము. ఏ సమీకరణమున తేడా మిక్కిలిగా నున్నదో చూడుము. ఆ తేడా పోవునట్లు ఒక్క రాశిని మాత్రము దిద్దుము. మరల ఎక్కడ తేడా ఎక్కువగా నున్నదో చూచి అచ్చట దిద్దుము. సారాంశమిది. రెండింటికంటె ఎక్కువ రాశులున్నచో ఇకమీద తొలగింపు జోలికి పోవన్న ధైర్యమును, సగము నిద్రలోనున్నను, మరేదో ఆలోచించుచున్నను ఈ పని చేయవచ్చునన్న చమత్కారమును ఆ లేఖలో కలవు. మహాగణితవేత్తకు ఆ పని అంత విశ్రాంతిగా తోచుటకు కారణ మేమి? ఒక చిన్న ఉదాహరణముతో చూతము.

కంభము చెరువు మన పాఠకులలో పలువురు చూచినదే. గుండ్లకమ్మ నదికి రెండు కొండల నడుమ కట్టవేసి నిలిపిన ఆ జలాశయమును విజయనగర రాజకుటుంబమునకు చెందిన వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని వారసత్వ నిర్మాణముగా గుర్తించినది. ఇట్టి చెరువొకటి ఒక వైపున, పల్లములో వాగొకటి మరియొక వైపున ఉన్నవనుకొందము. చెరువు నీటిమట్టము 100 అడుగులు, వాగు మట్టము 60 అడుగులు. నడుమ సమదూరములో మూడు బావులు కలవు. వానయు, తోడుటయు లేక, నేల అంతటను ఒకే తీరున నున్నచో, ప్రతి బావి మట్టమును దాని ఇరుప్రక్కల మట్టముల సగటునకు సమానముగా నుండును. సంఖ్యలు ఊహించినవి, సూత్రము మాత్రము సత్యము.

మూడు బావుల మట్టములును తెలియవు గనుక అన్నియు 60 అని పలకపై వ్రాసికొందము. మొదటి బావి చెరువునకును రెండవ బావికిని నడుమ నున్నది. 100, 60ల సగటు 80. మొదటి 60ని తుడిచి 80 వ్రాయుదము. రెండవ బావి ఇప్పుడు 80, 60ల నడుమ నున్నది, 70 వ్రాయుదము. మూడవది 70, 60ల నడుమ, 65. ఒక చుట్టు ముగిసినది. రెండవ చుట్టులో ఆ మూడును 85, 75, 67.5 అగును. మూడవ చుట్టులో 87.5, 77.5, 68.75. నాల్గవ చుట్టులో 88.75, 78.75, 69.375. ఎచ్చటికి పోవుచున్నవో పాఠకులు గ్రహించియే యుందురు. అసలు సమాధానము 90, 80, 70. చుట్టు చుట్టునకును మిగిలిన దోషము సరిగా సగమగుచున్నది. పది చుట్లు తిరుగునప్పటికి అంగుళములోపుననే యుండును. కూడుట, సగము చేయుట తప్ప ఇందు వేరు విద్య లేదు.

ఇంతకంటె విశేషము మరియొకటి కలదు. రెండవ చుట్టులో రెండవ బావికి 75 వ్రాయబోయి అంకెలు తారుమారై 57 వ్రాసితిమనుకొందము. తొలగింపు పద్ధతిలో ఇట్టి పొరపాటు చివరివరకు ప్రాకి సమాధానమంతటిని చెరచును. లెక్క మొదలునుండి వెదకవలసి యుండును. ఇందులో నేమగును? మూడవ బావి 58.5 అగును. మూడవ చుట్టులో 78.5, 68.5, 64.25 వచ్చును. నాల్గవ చుట్టులో 84.25, 74.25, 67.125. పొరపాటు లేనిచో రెండవ చుట్టులో ఉండవలసిన స్థితికి నాల్గవ చుట్టులో ఇంచుమించుగా చేరితిమి. నష్టము రెండు చుట్లు మాత్రమే. వ్రాతలోని తప్పును ఎవరును వెదకకయే, తెలియకయే, లెక్క తానే మాన్పుకొన్నది. సగము నిద్రలో చేయవచ్చునన్న మాటకు అర్థమిదియే.

అయితే ఈ మేలు అన్ని సమీకరణములకును లభింపదు. ఒక రాశి, దాని రెండింతలు మరియొక రాశి కలిపిన 8. మొదటిదాని రెండింతలు, రెండవది కలిపిన 7. సమాధానము 2, 3. మొదటి సమీకరణమునుండి మొదటి రాశిని, రెండవదానినుండి రెండవ రాశిని దిద్దుచు పోయినచో, సున్నలతో మొదలిడి 8, ఋణ 9. పిమ్మట 26, ఋణ 45. ఇట్లు అంతులేక పెరిగిపోవును. అవే సమీకరణములను తారుమారు చేసి, మొదటిదానినుండి రెండవ రాశిని, రెండవదానినుండి మొదటి రాశిని దిద్దినచో, 4, 1.5, పిమ్మట 3.25, 1.875, ఆపైన 3.0625, 1.96875, ఇట్లు 3, 2లను చేరును. భేదమెచ్చట నున్నది? ప్రతి సమీకరణమునను దిద్దబడు రాశికే ఎక్కువ బలముండవలెను. పొరుగువారి మాటకంటె ఇంటి పెద్ద మాట బలముగా నున్న సంసారము కుదుటపడునట్లు, సొంత గుణకము తక్కిన గుణకముల మొత్తమును మించిన లెక్క తప్పక కుదుటపడును. కనిష్ఠవర్గ పద్ధతినుండి వచ్చు సమీకరణములకు ఇంతటి బలము లేకున్నను, ఒక్కొక్కటిగా దిద్దుచు పోయినచో అవి సమాధానమును చేరుననుట తరువాతివారు నిరూపించిరి. భూమి కొలతలోనే ఈ పద్ధతి వికసించుట కాకతాళీయము గాదు.

గౌస్ లేఖ చాలకాలము అచ్చు కాలేదు. జాకోబి 1845లో ఇట్టిదే యొక పద్ధతిని ప్రకటించెను. అందు ఒక చుట్టులోని దిద్దుబాట్లన్నియు పాత విలువలతోనే లెక్కించి, చుట్టు ముగిసిన పిమ్మట ఒకేసారి మార్తురు. జాకోబి శిష్యుడైన సైడెల్ 1874లో, దిద్దిన విలువను వెంటనే వాడుకొను మార్గమును ప్రకటించెను. పైన బావులకు మనము చేసినది ఇదియే. నేడు దీనికి గౌస్-సైడెల్ పద్ధతి యని ఇద్దరి పేరును కలిపి వాడుచున్నారు. వారిరువురును కలిసి పనిచేసినవారు మాత్రము గారు.

మన దేశపు వల సంగతి ఏమైనది? లాంబ్టన్ తరువాత ఎవరెస్టు, వా, వాకర్ మొదలగువారు దానిని హిమాలయములవరకు, సింధువరకు, బర్మావరకు వ్యాపింపజేసిరి. ఈ పనిలో గణకులుగా జీతమునకు కుదిరినవారు ఎందరో భారతీయులు. వారిలో 1831లో చేరిన రాధానాథ సిక్దార్ పేరు చిరస్మరణీయము. అంతటి వలను ఒక్కపెట్టున సాధించుట మానవసాధ్యము గాదని దేశమును అయిదు ఖండములుగా విభజించిరి. మన సీమ 'దక్షిణ త్రిభుజ' మను ఖండము లోపలిది. బీదరు, విశాఖపట్టణము, బెంగుళూరు, కన్యాకుమారి ఆధారరేఖలు దానికి బిగువులు. విశాఖపట్టణపు రేఖను 1862-63లోను, బెంగుళూరు రేఖను 1868లోను, కన్యాకుమారి రేఖను 1869లోను కొలిచిరి. ఒక్కొక్క ఖండమును విడివిడిగా కనిష్ఠవర్గ పద్ధతిచే సరిచేసిరి. ఆ విధానమును వాకర్ 1879లో వెలువడిన సంపుటమున విపులముగా వివరించెను. ఇంగ్లండులోను ఇట్లే 920 సమీకరణములను 21 భాగములుగా విడదీసి సాధించిరి. తొలగింపునకు లోబడుటకై దేశమునే ముక్కలు చేయవలసి వచ్చెననుట ఆ కాలపు గణకుల కష్టమునకు నిదర్శనము.

ఇరువదవ శతాబ్దమున ఇంజనీర్లు పునరావృత్తిని తమ పనికి మలచుకొనిరి. హార్డీ క్రాస్ 1930లో ఇనుము, కాంక్రీటు చట్రములలోని బలములను దిద్దుచు దిద్దుచు పంచు పద్ధతిని ప్రకటించి, 1936లో నీటిగొట్టముల వలకును అట్టి పద్ధతినే చూపెను. సౌత్‌వెల్ 1935లో శిథిలీకరణ మను పేర దీనినే విస్తరించెను. ఎచ్చట బిగువెక్కువో అచ్చట సడలించుట ఆయన మార్గము. గౌస్ లేఖలోనిదియు అదియే. పిమ్మట విద్యుత్ గణనయంత్రములు వచ్చినవి. యంత్రమునకు ఎచ్చట తేడా ఎక్కువో వెదకుటకంటె, వరుసగా చుట్లు తిరుగుట సులభము. 1950లో ఫ్రాంకెల్, డేవిడ్ యంగ్ అను ఇరువురు వేరువేరుగా, ప్రతి దిద్దుబాటును కావలసినదానికంటె కొంచెము ఎక్కువగా చేసినచో గమ్యము ఎంతో శీఘ్రముగా చేరవచ్చునని చూపిరి. 1952లో హెస్టెనీస్, స్టీఫెల్ మరింత వేగమైన సంయుగ్మ దిశల పద్ధతిని ప్రకటించిరి. ఇరువదియేండ్లపాటు దానిని అంతగా పట్టించుకొనలేదు. రాశులు లక్షలకు పెరిగిన పిమ్మట దాని విలువ తెలిసినది. మన దేశమున 1960లో టాటా మౌలిక పరిశోధన సంస్థవారు సొంతముగా నిర్మించిన గణనయంత్రము పనిలోనికి వచ్చినది. డెహ్రాడూను కార్యాలయమున గణకులు ఏండ్ల తరబడి చేసిన పని యంత్రముల పాలగుటకు అది నాంది.

ఇక మన సీమ నీటికి వత్తము. 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పొందిన జిల్లాకు పడమటి భాగముగా వ్యవహరింపబడిన ఈ ప్రాంతము కఠినశిలల నేల. పలకరాతిలోను, స్ఫటికశిలలోను నీరు పగుళ్లవెంటనే నడచును. వానలు తప్పిన యేట బావులెండును, గొట్టపుబావులు మరింత లోతునకు దిగును. లోతునీటిలో ఫ్లోరైడు బాధ పలుచోట్ల కలదు. కృష్ణ వరదనీటిని నల్లమల క్రిందుగా ఇచ్చటికి తెచ్చుటకై తలపెట్టిన వెలిగొండ పథకమునకు, ఈ ప్రాంతపు ప్రజానాయకుడైన పూల సుబ్బయ్య పేరు పెట్టిరి. సుమారు 18.8 కిలోమీటర్ల పొడవుగల దాని జంట సొరంగముల తవ్వకము, ఒకటి 2021లోను రెండవది 2024లోను ముగిసినది. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల సందులను కట్టలతో మూసి నీటిని నిలుపుట ఆ పథకపు ఏర్పాటు.

ఇట్టి నీరు నిలిచిన చోట చుట్టుప్రక్కల బావుల మట్టము ఎంత పెరుగును? ఒక గ్రామమున తోడినచో పొరుగు గ్రామమున ఎంత తగ్గును? మన మూడు బావుల లెక్కయే ఇది, వేలరెట్లు పెరిగినది. నేలను చిన్నచిన్న గళ్లుగా విభజింతురు. ప్రతి గడి మట్టమును దాని నాలుగు ప్రక్కల గళ్లపైనను, అచ్చటి వానపైనను, తోడకముపైనను, రాతి స్వభావముపైనను ఆధారపడును. గళ్లెన్నియైనను ఒక్కొక్క సమీకరణమున కనబడు రాశులు అయిదారు మాత్రమే. తుడిచి వ్రాయు పద్ధతికి ఇంతకంటె అనువైనది లేదు. 1984లో అమెరికా భూవిజ్ఞాన సంస్థవారు వెలువరించిన మాడ్‌ఫ్లో అను భూగర్భజల గణనవిధానము ఇట్టి గళ్లను పునరావృత్తి పద్ధతులతోనే సాధించుచు ప్రపంచమంతటను వ్యాపించినది. హైదరాబాదులో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఇట్టి నమూనాలను మన కఠినశిలల నేలకు అన్వయించి చూచిరి. 1999నుండి ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి మహేశ్వరము వద్ద సుమారు 53 చదరపు కిలోమీటర్ల నేలపై జరిపిన పరిశోధనలు అందులో ప్రసిద్ధములు.

ఇచ్చటనే మేము ముఖ్యముగా మనవి చేయదలచిన మాట కలదు. మన ఉదాహరణమునకు మరల పోదము. వాగు మట్టము నిజముగా 60 అడుగులు. కొలిచినవాడు అశ్రద్ధచే 80 అని వ్రాసెననుకొందము. అప్పుడు లెక్క ఎంతో చక్కగా, ఏ తడబాటును లేక, 95, 90, 85 అను సంఖ్యలకు చేరి నిలుచును. నడిబావికి పదియడుగుల దోషము. ఎన్ని చుట్లు తిరిగినను, ఎంత గొప్ప యంత్రమున వేసినను ఆ దోషము అంగుళమైనను తగ్గదు. వ్రాతలోని తప్పును పలక మాన్పుకొనును. కొలతలోని తప్పును ఏ పలకయు మాన్పజాలదు. సంఖ్య కదలక నిలిచినంతమాత్రమున అది సత్యమని భ్రమింపరాదు. నిలకడ గణితమునకు సంబంధించినది. సత్యము నేలకు సంబంధించినది.

లాంబ్టన్ నాటివారు ఈ భేదమును బాగుగ నెరుగుదురు. 1808లో తంజావూరు దేవాలయ గోపురముపైకి ఎక్కించునపుడు అర్ధటన్ను బరువుగల ఆయన థియొడొలైటు గోడకు తగిలి చెడినది. ఆయన ఆ పనిముట్టుతో అటులే కొలిచి లెక్కలో సరిపెట్టుకొనలేదు. డేరాలో కూర్చుండి ఆరువారములు శ్రమించి స్వహస్తములతో దానిని బాగుచేసెను. ఆయన 1815లో గొలుసుతో కొలిచిన బీదరు ఆధారరేఖను, అంతకంటె నిశితమైన కడ్డీలు లభించిన పిమ్మట 1841లో తరువాతివారు నేలపైననే మరల కొలిచిరి. లెక్కలో సందేహము కలిగినపుడు లెక్కను, కొలతలో సందేహము కలిగినపుడు కొలతను మరల చేయవలెననుట ఆ సంప్రదాయము.

కొలతలు తప్పుకాకున్నను చాలకపోవచ్చును. ఒక బావికంటె మరియొక బావి ఎంత ఎత్తో కొలిచి, ఏ ఒక్కదాని ఎత్తును సముద్రమట్టమునుండి కొలువకున్నచో, తేడాలు తెలియును గాని ఎత్తులు తెలియవు. సమాధానములు అనంతము. ఇట్టి సమీకరణములనుండి చెప్పదగినంతవరకు ఎట్లు చెప్పవలెనో విచారించినవారిలో తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు అగ్రగణ్యులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున విద్యనభ్యసించిన ఆయన 1955లోనే ఈ విషయమై వ్రాసి, 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి ఒక ప్రామాణిక గ్రంథమును వెలువరించెను. 2023లో తన నూటరెండవ యేట కీర్తిశేషులైరి. తెలిసినదెంత, తెలియనిదెంత అని గిరిగీయుట ఆ విద్య సారము.

కావున ఒక ఊరి బావి మట్టమును ప్రతి మాసమును శ్రద్ధగా కొలిచి వ్రాయువాని పనియు, వానకొలత పాత్రలోని నీటిని ఉదయముననే చూచి గుర్తించువాని పనియు చిన్నవి కావు. లక్షల గళ్లను క్షణములో తుడిచి వ్రాయు యంత్రమునకు పెట్టుబడి వారు వ్రాసిన సంఖ్యయే. ఎవరి పొలమునకు నీరు వచ్చును, ఎవరి బావి ఎండును, ఎచ్చట గొట్టపుబావిని నిలుపవలెను అను నిర్ణయములు ఆ సంఖ్యల మీదుగానే జరుగును. కొలిచినవాని శ్రద్ధ యున్నచో యంత్రపు శ్రమ సార్థకము. అది లేనిచో ఎంత నునుపైన పలకపై ఎంత చక్కగా వ్రాసినను, నిలుచునది తప్పే యగును.